దిండు గలీబులో ఫోన్

చేతికి ముందు తెలుస్తుందా, మనసుకు ముందు తెలుస్తుందా అన్న సంగతి తేలితే గాని మిగతాది ఏదీ తేలదు. చేతికే ముందు తెలిసిందనుకుందాం. మాప్ కర్ర చివర గట్టిగా ఏదో తగిలింది. ఆ తాకిడి కర్ర పొడుగునా పాకి మణికట్టు దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆగిందా, తనే ఆపేసిందా? దిండులో అంత గట్టిది ఏముంటుంది? దువ్వెన కావచ్చు, కళ్ళజోడు డబ్బా కావచ్చు, అమృతాంజనం సీసా కావచ్చు. ఇన్ని తోచిన మనసుకు ఫోన్ అన్న ఒక్క మాట ఎందుకు తోచలేదు? అన్నీ తోచి ఒక్కటే తోచలేదంటే, ఆ ఒక్కదాని చుట్టూ ఎవరో ముందే కంచె కట్టి ఉంచారని కాదూ?

"ఎగ్జిట్ దాటిపోతావేమో, చూసుకో" అంది పక్క సీట్లోంచి మంగతాయారు.

కిరణ్మయి ఉలిక్కిపడి ఇండికేటర్ వేసింది. ఎగ్జిట్ ఇంకా రెండు కిలోమీటర్లుంది. అత్తగారికి ఈ దేశంలో దారులు తెలియవు. కోడలి ముఖం చూసి చెప్పింది, దారి చూసి కాదు.

మామగారు జనార్ధనరావు పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. చివరి రెండేళ్ళూ వణుకుడు జబ్బుతో ఆయన చేతులు కలం పట్టనివ్వలేదు. నలభై ఏళ్ళుగా రాస్తున్న డైరీ మానలేక, రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్లో రికార్డర్ నొక్కి మాటల్లోనే రాసుకునేవాడు. ఆస్పత్రిలో కూడా మానలేదు. పోయాక ఆ ఫోన్ని మంగతాయారు తీసుకుని తలకింద పెట్టుకుని పడుకునేది. పదో రోజు మైలబట్టలన్నీ తడపాల్సి వచ్చింది. అప్పటికే కిరణ్మయి తలస్నానం చేసేసింది. పక్కబట్టలు ముట్టుకుంటే మళ్ళీ స్నానం చేయాలి. ఇంటిల్లిపాది తలస్నానాలకూ గీజరు సిలిండర్‌లో వేడినీళ్ళు అయిపోయాయి, బయట ఆక్లండ్ జులై, నడి చలికాలం. "చేత్తో తాకకు. గలీబులు విప్పకు. మూట మూటగా నెట్టెయ్" అంది అత్తగారు. కిరణ్మయి దుప్పటి మూటని మాప్ కర్రతో వాషింగ్ మెషీన్లోకి నెట్టి తలుపు మూసింది. పందొమ్మిది నిమిషాల తర్వాత సిరి వంటింట్లోకి వచ్చి, "మమ్, లోపల ఏదో బ్యాంగ్ అవుతోంది, నీకు వినిపించట్లేదా?" అని అడిగేదాకా ఆపలేదు. ఆపినా తలుపు వెంటనే తెరుచుకునే రకం కాదది. నీళ్ళు దిగేదాకా తల్లీకూతుళ్ళిద్దరూ గుండ్రటి అద్దం ముందు నిలబడ్డారు. తెల్లటి నురగలో, తడిసిన గలీబు బట్టలోంచి నల్లగా, మామగారి ఫోన్.

రవిచంద్ర దాన్ని తుడిచి పది కిలోల సోనామసూరి బస్తాలో పాతిపెట్టాడు. "మైలది తీసుకెళ్ళి బియ్యంలో పెడతావురా" అంది తల్లి. "ఇంతకన్నా శుభ్రంగా ఉతికిన ఫోన్ ఆక్లండ్‌లో ఇంకోటి ఉండదమ్మా" అన్నాడు కొడుకు. తండ్రి పోయాక అతను వేసిన మొదటి జోక్ అది. ఎవరూ నవ్వలేదు. మూడు రోజులు చూసి, ఫోన్ లేవకపోతే, మౌంట్ రాస్కిల్‌లో గోవింద్ అనే ఆయన రిపేర్ షాపులో ఇచ్చి వచ్చాడు.

ఇప్పుడు అక్కడికే వెళుతున్నారు.

మంగెరె బ్రిడ్జి మీదికి వచ్చేసరికి కారు స్పీకర్లో రవిచంద్ర గొంతు.

"ఎక్కడున్నారు?"

"బ్రిడ్జి మీద."

"షాపాయన ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. బోర్డు క్లీన్ చేశాడంట. మనవాళ్ళెవరైనా ఉండగానే ఆన్ చేస్తానన్నాడు. నాకు మీటింగ్ లేకపోతే నేనే వచ్చేవాణ్ణి. అమ్మా, వినిపిస్తోందా? ఇవాళ నాన్న గొంతు వింటావు నువ్వు."

"సరే నాయనా. నువ్వు తిన్నావా?"

"తింటాలే అమ్మా."

"ఆ తింటాలేనే వద్దన్నది. పెరుగన్నం పెట్టాను బాక్సులో. మూత తియ్యి."

ఫోన్ పెట్టేశాక మంగతాయారు చేతిసంచీని ఒళ్ళోకి లాక్కుని దాని పిడులు రెండూ కలిపి పట్టుకుంది. వాన లేదు గాని వానకు ముందుండే బూడిదరంగు, వంతెన కింద నీళ్ళ మీదంతా పరుచుకుని ఉంది.

షాపు పాలూ బ్రెడ్డూ అమ్మే ఒక కొట్టుకీ, రోటీలు అమ్మే కొట్టుకీ మధ్య ఉంది. కిరణ్మయి ఎదురుగానే కారు ఆపి బెల్టు తీసింది. అత్తగారు తీయలేదు.

"రండత్తయ్యా."

"నేను రాను. నువ్వే వెళ్ళి వద్దని చెప్పిరా."

"ఏం వద్దని?"

"బాగుచేయొద్దని. రవికి బాగుకాలేదని చెబుదాం. ఇద్దరం ఒక మాట మీద ఉంటే వాడేం చేస్తాడు?"

కిరణ్మయికి గుండెల్లో ఏదో వదులైంది. దానికి పేరు పెట్టడానికి ఆమె భయపడింది. ఎందుకంటే అది సంతోషం. పదహారు రోజులుగా మూసుకుని ఉన్న తలుపుని, ఎవరి కోసం మూసిందో ఆ మనిషే వచ్చి గొళ్ళెం కూడా వేసుకోమంటోంది. సరేనత్తయ్యా అంటే చాలు. రెండు నిమిషాలు లోపలికి వెళ్ళి వస్తే చాలు.

అయినా నోరు వేరే మాట అడిగింది. "ఎందుకని?"

మంగతాయారు ఎదురుగా అద్దంలోంచి షాపు బోర్డుని చూస్తూ చెప్పింది.

"దిండులో పెట్టింది నేనే."

"తెలుసు. రోజూ తలకింద పెట్టుకునేవారుగా. ఆ రోజు హడావిడిలో మర్చిపోయుంటారు."

"మర్చిపోయానని ఎవరు చెప్పారు నీకు?"

కిరణ్మయి ఆవిడ వైపు తిరిగింది.

"గలీబు అడుక్కి తోసి, పైన ముడి వేశాను. రెండు ముళ్ళు. నువ్వు చూళ్ళేదు. ముట్టుకోవద్దన్నాను కదా, ఎలా చూస్తావు? వేడినీళ్ళు అయిపోయాయన్నది అబద్ధం కాదు. కానీ విప్పొద్దన్నది నీళ్ళ కోసం కాదమ్మా." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పే గొంతుతో చెప్పింది. "నా చేత్తో నేను నీళ్ళలో వేయలేకపోయాను. నీ చేత్తో వేయించాను. పాపం, నువ్వేమో నీవల్లే పోయిందని అన్నం మానేశావు. ఆరు రోజులుగా చూస్తున్నాను. ఇవాళ చెప్పకపోతే నాకు పుట్టగతులుండవనిపించింది."

ఇదేమిటి, అనుకుంది కిరణ్మయి. ఒకే ఫోన్ని ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే మెషీన్లో ముంచారు. ఒకరు ముడి వేశారు. ఒకరు కర్ర చివర తగిలినదాన్ని తగలలేదనుకున్నారు. తనది ఎందుకో తనకు తెలుసు. ఈవిడది?

"ఎందుకు చేశారత్తయ్యా?"

"ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిన పొద్దున నిన్నొక మాట అడిగాను. గుర్తుందా? మీ మామయ్య నాకోసం అడిగారా అని."

కిరణ్మయి తన వైపు అద్దం రెండంగుళాలు దించింది.

"లేదన్నావు. ఎవరినీ ఏమీ అడగలేదు, నిద్రలోనే పోయారన్నావు." మంగతాయారు సంచీ పిడులు ఒకదాని మీదొకటి సర్దింది. "యాభై ఒక్క ఏళ్ళు. కాఫీ చల్లారితే మంగా. కళ్ళజోడు కనబడకపోతే మంగా. పేపర్ చదువుతూ చదువుతూ ఊరికే మంగా. ఏమిటండీ అని చెయ్యి కడుక్కుని వస్తే, ఏం లేదు అనేవాడు. ఒళ్ళు మండేది నాకు. అంత పిలిచిన మనిషి ఆఖర్న ఒక్కసారి పిలవలేదు. సరే, పిలవలేదు. ఒప్పుకున్నాను. దాన్ని మళ్ళీ ఆయన గొంతుతో వినాలా? అందులో వాన సంగతి చెప్తాడు. నర్సు పేరు చెప్తాడు. ఉప్పు లేని సూపు సంగతి చెప్తాడు. నా పేరుండదు. ఇంకా వస్తుందేమో, ఇంకా వస్తుందేమో అని చెవి దగ్గర పెట్టుకుని కూర్చోనా? నావల్ల కాదమ్మా."

పక్క కొట్టులోంచి ఎవరో పాలడబ్బా పట్టుకుని బయటికొచ్చారు. గంట మోగి ఆగింది.

ఒక మాట. రెండక్షరాలు. లేదు. దాన్ని అనేటప్పుడు కిరణ్మయి అది తన తలుపుకి తాళం అనుకుంది. ఆ తాళం ఇంకొకరి మెడకి బిగుసుకుంటుందని అనుకోలేదు.

ఆస్పత్రిలో ఆ చివరి గురువారం జరిగింది వేరు. పొద్దున్నుంచీ ఆమే మామగారి దగ్గర ఉంది. రెండు రాత్రులు మేలుకున్న అత్తగారిని రవిచంద్ర బలవంతంగా ఇంటికి తీసుకెళ్ళాడు. కిరణ్మయి ఒళ్ళో లాప్‌టాప్, సాయంత్రం లోపల పూర్తి చేయాల్సిన ఆఫీసు పని. ఐదింటికి ముసలాయన వణికే వేలితో రికార్డర్ నొక్కుకుని ఫోన్ని భోజనం బల్ల మీద పెట్టుకున్నాడు. కాసేపు ఏదో చెప్పుకున్నాడు. తర్వాత ఇటు తిరిగి, "మంగని పిలిపించమ్మా" అన్నాడు. రేపు పొద్దున్నే తీసుకొస్తాను మామయ్యగారూ, పడుకోండి అంది. కాసేపాగి మళ్ళీ అన్నాడు. మూడోసారి అనేసరికి ఆమె తల ఎత్తకుండానే, "ఎందుకు ఊరికే పిలుస్తారు? ఆవిడ ఇప్పుడే పడుకుని ఉంటారు. కాస్త నన్ను పని చేసుకోనివ్వండి" అంది. ఆ అన్న గొంతు ఆమెకి ఇప్పటికీ వినిపిస్తుంది. కోపం కాదది. కోపమైతే క్షమించవచ్చు. మీటింగులో అనవసరపు ప్రశ్న వేసినవాడికి చెప్పే గొంతు. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కంటి చివర ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. పెదాలు కలిసి విడిపోవడం, మళ్ళీ కలిసి విడిపోవడం. ఆ పేరు పలకడానికి పెదాలు ఒక్కసారి కలిస్తే చాలు. ఆయన ఎన్నిసార్లు కలిపాడో లెక్కపెట్టలేదు.

ఇంటికి బయల్దేరేటప్పుడు చూసింది, రికార్డర్ ఇంకా తిరుగుతోంది. ఎర్రచుక్క. యాభై రెండు నిమిషాలు. ఆపి, సేవ్ నొక్కింది. సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం, ఏదీ సేవ్ చేయకుండా మూయని వేళ్ళు. తెల్లవారుజామున ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేశారు.

"అడిగారత్తయ్యా" అంది కిరణ్మయి.

అనేశాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మంగతాయారు మొదటిసారి ఇటు తిరిగింది. ఆ చూపులో ఏదైనా విరిగిపడుతుందేమోనని కిరణ్మయి స్టీరింగ్ పట్టుకుంది. విరగలేదు. ఆవిడ చెయ్యి చాపి కోడలి మోచేతి మీద రెండుసార్లు తట్టింది.

"నీది మంచి మనసమ్మా."

"కాదత్తయ్యా, నిజం చెప్తున్నాను. మిమ్మల్ని పిలిపించమన్నారు. మూడుసార్లు. నేనే..."

"చెప్పు, వద్దన్నానా?" ఆవిడ ముఖంలో నవ్వులాంటిది కదిలింది. "పదహారు రోజుల తర్వాత గుర్తొచ్చే నిజాలు ఓదార్పులేనమ్మా. నేనూ చెప్పాను ఇలాంటివి. మా మామగారు పోయినప్పుడు మా అత్తగారు ఇలాగే కూర్చుని ఉంటే, మిమ్మల్నే తలుచుకున్నారు అత్తయ్యా అన్నాను. ఆయన తలుచుకున్నది చూడిగేదెని. ఈనిందా, ఈనిందా అని అడుగుతూనే పోయాడు. ఆవిడకి తెలుసు నేను అబద్ధమాడుతున్నానని. అయినా నా చెయ్యి పట్టుకుని ఊఁ కొట్టింది. నేనూ ఊఁ కొడుతున్నాను. ఇంక వెళ్ళి చెప్పిరా. ఇక్కడ కారు ఎంతసేపు ఉంచనిస్తారో ఏమో."

కిరణ్మయి కారు దిగింది.

నిజం చెప్పడం ఇంత సులువైన పని అనీ, చెప్పినా ఇంత పనికిరానిదవుతుందనీ ఆమె ఎన్నడూ అనుకోలేదు. చెప్పేసింది కదా. ఇక తన తప్పేముంది? నమ్మకపోవడం ఆవిడ ఇష్టం. ఈ వాదన ఎంత సాఫీగా, ఎంత త్వరగా తయారైపోయిందో చూసి ఆమె షాపు తలుపు ముందే ఆగింది. మాప్ కర్ర చివర కూడా ఇలాగే, ఇంత సాఫీగానే, దువ్వెనా సీసా తయారయ్యాయి.

షాపులో గోవింద్ ఒక్కడే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, నుదుటి మీదికి ఎత్తుకున్న భూతద్దం. ఫిజీలో పుట్టినవాడు. ఆమె పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"తెలుగు అమ్మాయి. కూర్చో, బేటీ. మా ఆజీ, నాయనమ్మ, తెలుగు మాట్లాడేది. లౌతోకాలో. నాకు కొంచెం కొంచెమే వస్తుంది. తప్పు మాట్లాడితే నవ్వొద్దు."

"నవ్వనండీ."

"అందరూ అట్లనే అంటారు. తర్వాత నవ్వుతారు." బల్ల కింది సొరుగు లాగి చూపించాడు. లోపల అరడజను ఫోన్లు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. "ఇది పప్పులో పడింది. ఇది కారు పైన పెట్టి మర్చిపోయి, డ్రైవ్‌వేలో రివర్స్ చేశారు. ఇది పాప మైక్రోవేవ్‌లో పెట్టింది, నాన్నకి వేడిగా ఉండాలని. ఎవరూ కావాలని చేయరు, బేటీ. అందరూ నా దగ్గరికొచ్చి, అంకుల్, నేను చూళ్ళేదు అంటారు. నేను సరే అంటాను."

కిరణ్మయి ఆ చీటీల వంక చూసి కళ్ళు తిప్పుకుంది.

"మీ ఆయన బియ్యంలో పెట్టాడు కదా? పెట్టొద్దు. ఏమీ పీల్చదు. చార్జింగ్ కన్నంలో ఒక నూక, లోపలంతా పిండి. నాకు రెండు రోజులు అదే పని." అతను పక్కనున్న దీపం ఇటు లాగాడు. దాని కింద, వీపు విప్పిన ఫోన్. రెండు సన్నటి తీగలు దానిలోంచి ఒక చిన్న పెట్టెలోకి వెళ్ళాయి. "బ్యాటరీ చచ్చిపోయింది. బోర్డు మీద తుప్పు వచ్చింది. ఇప్పుడు బయటి కరెంటుతో లేపుతాను. లేస్తే లేస్తుంది. ఒకసారి లేస్తే రెండోసారి లేస్తుందని నేను చెప్పలేను. లేచినప్పుడే లోపలున్నదంతా ఇందులోకి లాగేసుకోవాలి." పక్కనున్న కంప్యూటర్ మీద వేలితో తట్టాడు. "చేయమంటావా?"

ఇదే ఆ చోటు. వద్దండీ అనడానికి ఇంతకన్నా సులువైన చోటు ఉండదు. అద్దం తలుపు అవతల కారు, కారులో తెల్లటి చీర. ఆవిడ ఇటు చూడటం లేదు. సంచీలోంచి రుమాలు తీసి అద్దం మీద ఆవిరి తుడుస్తోంది.

"చేయండి" అంది కిరణ్మయి.

అతను పెట్టె మీద మీట తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పాడు. ఫోన్ తెర నల్లగానే ఉండి, ఒక మూల బూడిదరంగు మరక పాకి, ఉన్నట్టుండి వెలిగింది. సగం తెర గీతలు గీతలుగా ఉంది. మిగతా సగంలో సిరి ఐదేళ్ళప్పటి ఫొటో, పైపళ్ళు రెండూ లేవు. దాని మీద తొమ్మిది అంకెలు, కింద సున్నా.

గోవింద్ ఊపిరి వదిలాడు. వెంటనే ముఖం ముడుచుకున్నాడు.

"కోడ్ అడుగుతోంది. మీ ఆయన చెప్పాడు, కోడ్ ఎవరికీ తెలియదు, వాళ్ళ నాన్న ఎవరికీ చెప్పలేదు అని. కోడ్ లేకపోతే నేను చేసిందంతా దండగ, బేటీ. లోపల అన్నీ ఉంటాయి, ఒక్కటీ బయటికి రాదు. పుట్టినరోజు లాంటిది ఏమైనా చూద్దామా?"

ఇంట్లో కూడా ఈ మాటే అనుకున్నారు. ఎవరికీ తెలియదని. ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె చెప్పలేదు. రెండేళ్ళ కిందట టకానినిలో ఉన్న తమ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, మామగారు అంకె కోసం వేలు పెడితే అది పక్క అంకె మీద పడుతుంటే, చూడలేక తనే కోడ్ మార్చింది. మధ్య నిలువు వరసలో పైనుంచి కిందికి. గీత గీసినట్టు దిగిపోతే చాలు మామయ్యగారూ, వణికినా ఫర్వాలేదు అని చెప్పింది. ఆయన నాలుగుసార్లు అలవాటు చేసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ పని చేసిందీ తనే. మూడుసార్లు పిలిపించమన్నా తల ఎత్తనిదీ తనే. రెండూ ఆ యాభై రెండు నిమిషాల రికార్డింగులో పట్టవు. అత్తగారు వినేది రెండోదాన్నే. మాటలు చెప్పవచ్చు, చెప్పింది కూడా. ఆ గొంతుని మాత్రం ఎవరూ తిరిగి చెప్పలేరు. దాన్ని విన్నాక కారులో తన మోచేతి మీద తట్టిన ఆ చెయ్యి ఇక ఉండదు.

కానీ ఆ గొంతు పక్కనే ఆయన గొంతు ఉంది. ఒకటి లేకుండా ఒకటి రాదు.

తెర ఒకసారి మిణుకుమంది.

"త్వరగా" అన్నాడు గోవింద్. "ఎంతసేపు ఉంటుందో తెలియదు. ఏమైనా గుర్తొచ్చిందా?"

"కొంచెం ఇటు జరపండి" అంది.

అతను జరిపాడు. ఆమె ముందుకి వంగి, గీతల మధ్య మిగిలిన సగం తెర మీద వేలు పెట్టింది. రెండు. ఐదు. ఎనిమిది. అక్కడ ఒక్క క్షణం ఆగి, తలుపు అవతలికి చూసింది. కారు తలుపు తెరిచి మంగతాయారు దిగుతోంది. ఇంత ఆలస్యమేమిటో కనుక్కోవడానికి కాబోలు, సంచీ చంకన పెట్టుకుని, రోడ్డు అటూ ఇటూ చూసి, షాపు వైపే నడిచి వస్తోంది.

కిరణ్మయి సున్నా నొక్కింది.